మూడో వాయిదా

“మరి ఆవిణ్ణి ఎక్కడ పూడ్చుకోమంటారండీ?” రూబీ మళ్ళీ అదే అడిగింది.

“వాళ్ళ పేటవాళ్ళకి ఏటి ఒడ్డున చోటుంది,” అంది అత్తగారు దీనమ్మ. “సమాధుల తోట బాప్తిస్మం పొందినవాళ్ళకే. మీ మావగారు పెట్టిన రూలు.”

“రూలు పెట్టిన మావయ్యగారే పదేళ్ళు ఆవిడ తెచ్చిన చేపలు తిన్నారు కదండీ!”

“చేపల్ని చర్చిలోకి తేకు.”

రూబీ భర్త విజయ్ పాల్ గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని ముందు ఉప్మా చల్లారిపోతోంది.

గేటు బయట సత్తియ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. తెల్లవారేసరికి వాళ్ళమ్మ నూకరత్నం పోయింది. తనను చర్చివాళ్ళ తోటలో పడుకోబెట్టమని అడిగిందట.

కొవ్వూరులో బాప్తిస్మం కోరేవాళ్ళను ఇరవై ఏళ్ళుగా పరీక్ష చేసేది విజయ్ పాలే. హైస్కూలు మాస్టారు, సంఘపెద్ద. ప్రశ్నోత్తరాల పుస్తకం మొత్తం అతనికి కంఠతా వచ్చు.

నూకరత్నం బాప్తిస్మాన్ని మూడుసార్లు వాయిదా వేశాడు.

మొదటిసారి ఆమె చేపల తట్ట అతని ఇంటి గుమ్మం బయట దించి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

“ప్రభువుని ఎందుకు నమ్మావమ్మా?”

“పిలిచాడండి.”

“ఎప్పుడు?”

“చేప తోముతున్నానండి. చేతినిండా పొలుసు. ‘రత్నం’ అన్నాడండి. మా ఇంట్లో ‘ఏమే’ తప్ప నాకింకో పేరు లేదండి. చేతులు కడుక్కోకుండానే లేచిపోయాను.”

విజయ్ పాల్ చాలాసేపు కలం కదపలేదు. ఆ తర్వాత ‘ఆర్నెల్లు ఆగి రావాలి’ అని రాశాడు.

ఆర్నెల్లకు వచ్చింది. ఒక్క మాట మారకుండా అదే చెప్పింది. మళ్ళీ ఆర్నెల్లు.

మూడోసారి అతను పుస్తకంలో లేని ప్రశ్న అడిగాడు.

“పిలిచిన గొంతు ఎలా ఉందమ్మా?”

ఆమె నవ్వేసింది. “గొంతేంటండి మాస్టారూ! పిలిస్తే పలుకుతాం గానీ.”

ఆ మూడో వాయిదా వచ్చే నెలతో తీరేది.

“విశ్వాస ప్రమాణం అప్పచెప్పడం రాని మనిషి,” దీనమ్మ ఇంకా అంటూనే ఉంది. “మూడుసార్లు ఫెయిలయింది. నా కొడుకు ఊరికే ఎవర్నీ తిప్పడు.”

“అప్పచెప్పడం వస్తే చాలా అత్తయ్యా?”

వంతెన మీద రైలు వెళ్తోంది. 

విజయ్ పాల్ కంచం పక్కకు జరిపి లేచాడు. వెళ్ళి గేటు తీశాడు. సత్తియ్యను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

“నాన్న పక్కన నాకని ఉంచుకున్న చోటు రత్నమ్మకి ఇస్తున్నాను,” అన్నాడు అందరికీ వినబడేలా, మెల్లగానే. “పాస్టరుగారికి నేను చెబుతాను.”

దీనమ్మ చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. “పాసవ్వని మనిషికా?”

“మొదటిసారే పాసయిందమ్మా. విశ్వాస ప్రమాణం తడబడకుండా చెప్పింది.”

“మరెందుకు తిప్పావురా?”

విజయ్ పాల్ గుమ్మం బయట, ఆమె తట్ట దించే చోటు వైపు చూశాడు.

“నన్ను ఆయన ఇంతవరకూ పిలవలేదమ్మా. పిలిస్తే ఎలా ఉంటుందో ఆవిడ నోట ఇంకోసారి విందామని తిప్పాను.”