ముద్దకో తిట్టు

కంచం గోడకి తగిలి కిందపడింది.

ఆ చప్పుడుకి వృద్ధాశ్రమం సూపర్వైజరమ్మ మూలగదికి పరుగెత్తింది.

మంచం మీద మేస్త్రీ తాత కోపంతో ఊగిపోతున్నాడు. ఎదురుగా ఒళ్ళంతా మెతుకులతో కొత్త పనివాడు నిలబడి ఉన్నాడు.

"వీడెవడో దొంగ. బయటికి పంపు," అన్నాడు తాత. ఆయనకి మనుషులు గుర్తుండటం మానేసి చాలాకాలమైంది.

మహమ్మారికి ఆశ్రమంలో సగంమంది ఆయాలు మంచాన పడ్డారు. శిక్షణ లేకపోయినా ఎవర్నైనా పనిలో పెట్టుకోవచ్చని ప్రభుత్వం నిబంధనలు సడలించింది. బంధువులకి మాత్రం గేటు తెరవద్దంది. గుడ్డికన్నా మెల్ల నయమని ఆవిడ ఇతన్ని తీసుకుంది. పని రాకపోయినా ఓపిక ఉంది. ముద్దకో తిట్టు భరిస్తూ తాతకి తినిపించేవాడు.

"నువ్వంటే ఆయనకి పడదు. రేపట్నుంచి వంటింట్లో గిన్నెలు తోము," అంది.

"తిట్టనీయండమ్మా. తిడుతూనైనా నాలుగు ముద్దలు తింటున్నారు."

"చెప్పింది చెయ్యి."

అతను మాస్కు సర్దుకుని, నేలమీది మెతుకులు ఏరి, వంటింటివైపు వెళ్ళాడు.

ఆ తర్వాత తాత ఎవరు పెట్టినా తినలేదు. మూతి బిగించి, తలుపు వైపే చూస్తూ, "ఆ దొంగ ఏడీ?" అనేవాడు. ఆయాలు వచ్చి చెప్పారు. రోజుకో చావుతో తలమునకలై ఉన్న ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు.

వారం తిరక్కుండా, ఒక మధ్యాహ్నం, తాత కన్నుమూశాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది, తాత కొడుకు మీద. మిగతావాళ్ళ పిల్లలు ఫోన్లు చేసి ప్రాణాలు తోడేస్తుంటే, ఈయన కొడుక్కి పట్టనే లేదు. మొదట్లో ఒక్కసారి చూడనివ్వమని ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలేవాడట. నిబంధనలు సడలించిన దగ్గర్నుంచి జాడే లేదు.

"కన్నతండ్రి ఉన్నాడో పోయాడో కూడా అక్కర్లేదు," అంది పక్కనున్న ఆయాతో. కబురు తనే చెప్పి, గట్టిగా కడిగేద్దామని ఆ కొడుకు నంబరు నొక్కింది.

గోడ అవతల వంటింట్లో ఫోను మోగింది. కుళాయి కట్టేసిన చప్పుడైంది.

ఆవిడ చెవిలోనూ, గోడ అవతలా ఒకే గొంతు ఆత్రంగా అడిగింది: "చెప్పండమ్మా, మా నాన్న ముద్ద తిన్నాడా?"