రొజేర్ గ్లవ్ ఏ చేతికి?

“కుడి చేతికే!”

“ఎడమ చేతికి! మూడో వరసలో కూచుని చూసినవాణ్ణి, నాకు చెప్తావా?”

ఓవిలా బల్ల గుద్దేసరికి నాలుగు గ్లాసుల్లో బీరు ఒలికింది. పొద్దున్న పదకొండుకే లకోలూ ఊరి బారు రెండు పార్టీలుగా చీలింది. కుడివాళ్ళు, ఎడమవాళ్ళు. రాజకీయాలు కావు, అంతకన్నా పెద్ద విషయం. ‘తోడేళ్ళు’ అనే ఊరి జట్టుకి పదహారేళ్ళు గోల్‌కీపరుగా ఉండి, నిరుడు పోయిన రొజేర్ తిఫోకి ఐస్ హాకీ హాలు ముందు కంచు విగ్రహం పెడుతున్నారు. రేపు కంచు పోస్తారు. గాల్లో దూసుకొచ్చే రబ్బరు బిళ్ళని, అదే పక్‌ని, పట్టే గ్లవ్ ఏ చేతికుండాలో ఇవాళే తేలాలి. తప్పు చేతికి పెట్టారో, పక్కనున్న బెల్రివ్ ఊరివాళ్ళు బస్సులు కట్టించుకునొచ్చి మరీ నవ్విపోతారు.

గొడవంతా గోడ మీది ఫొటోతో వచ్చింది. డెబ్భై ఒకటి ఫైనల్లో, ఆఖరి మూడు సెకన్లలో రొజేర్ పక్ పట్టిన ఫొటో. మొహానికి తెల్ల ముసుగు, పైకెత్తిన గ్లవ్. అది కుడి చేతికుంది. రొజేర్ మిగతా ఫొటోలన్నిటిలోనూ ఎడమ చేతికుంది!

“ఫొటో తిరగేసి కడిగార్రా! అది కడిగినవాడి చేతివాటం గాని రొజేర్ చేతివాటం కాదు,” అన్నాడు ఓవిలా. “కర్ర కుడి చేతిలో, గ్లవ్ ఎడమ చేతికి, అదీ లెక్క. పుర్రచేతివాడికైతేనే తారుమారయ్యేది. రొజేర్ పుర్రచేతివాడా?”

“ఫొటో అబద్ధం చెప్తుందా?” అన్నాడు కుడిపార్టీ లియోపోల్.

“తిరగేస్తే నువ్వు కూడా చెప్తావు!”

విగ్రహం చేసే సోలెన్ అసలు ఫొటో కోసం పత్రికాఫీసుకి వెళ్ళింది. ఆ అమ్మాయి వచ్చేదాకా చేసేదేముంది? మళ్ళీ ఆ మ్యాచిలోకి వెళ్ళిపోయారు.

“ఆ రోజు హాలంతా తడిసిన ఉన్ని వాసన,” అన్నాడు లియోపోల్, గొంతు తగ్గించి. “మా నాన్న నన్ను భుజాలకెత్తుకున్నాడు. గంట మోగాక ఏడ్చాడు. ఆయన ఏడవగా చూసింది ఆ ఒక్కసారే.”

“మొదలెట్టే ముందు గోల్ స్తంభాలు రెంటినీ కర్రతో తట్టేవాడు. టక్, టక్. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది,” అన్నాడు ఓవిలా. “మ్యాచికి ముందు తన సొట్ట బకెట్లో కక్కుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఆ రోజు పైనుంచి నూట మూడు జ్వరం. అయినా యాభై ఒక్క షాట్లు ఆపాడు! బెల్రివ్ వాళ్ళకి ఆ ముసుగు కనపడితే చాలు, కర్రలు వణికిపోయేవి.”

అందరూ గ్లాసులెత్తి గుటకలేశారు. మాటలు లేకపోతే ఓవిలాకి ఊపిరాడదు. మూలన గళ్ళనుడికట్టు నింపుకుంటున్న డొనా మీద పడ్డాడు.

“పోనీ మన డొనాని అడుగుదామా? జట్టులో రెండో గోల్‌కీపరు! పదకొండేళ్ళు బెంచీ మీద కూచుని బెంచీని బల్లపరుపు చేసిన మొనగాడు! ఆ రోజైతే నెత్తిన తువ్వాలు కప్పుకుని కూచున్నాడు. అక్కడ రొజేర్ ముసుగేసుకుని ఆపుతుంటే, ఇక్కడ వీడు ముసుగుతన్ని పడుకున్నాడు!”

యాభై ఏళ్ళుగా అదే జోకు, యాభై ఏళ్ళుగా అదే నవ్వు. డొనా కూడా ఎప్పట్లాగే నవ్వాడు.

ఓవిలా వెనిగర్ జాడీలో ఊరుతున్న ఉడికించిన గుడ్డొకటి తీసి విసిరాడు. “ఇదైనా పట్టరా! జన్మానికొకటి పట్టానని చెప్పుకుందువుగాని!”

డొనా తలెత్తకుండానే దాన్ని గాల్లో అందుకుని, సగం కొరికాడు. పెన్సిలు ఆగనైనా లేదు.

తలుపు తోసుకుని, బూట్ల మంచు దులుపుకుంటూ సోలెన్ వచ్చింది. కవరులోంచి పెద్ద ఫొటో తీసి బల్ల మీద పరిచింది.

“గోడ మీదది చుట్టూ కత్తిరించేసిన ఫొటో. ఇది పూర్తి ఫొటో. వెనక గోడగడియారం చూడండి. తిరగేసి కడిగుంటే అంకెలు తిరగబడాలి కదా? సరిగ్గానే ఉన్నాయి.”

కుడివాళ్ళు ఒక్కసారిగా లేచి అరిచారు. ఓవిలా కూలబడ్డాడు. తను కూచున్న మూడో వరస ముప్ఫయ్యో వరస దాకా జరిగిపోయినట్టనిపించింది. యాభై ఏళ్ళుగా చెప్పుకొచ్చింది మరి తనేం చూసి చెప్పినట్టు?

“అయితే ఆ ఒక్కరోజు రొజేర్ చెయ్యి మార్చాడంటార్రా? చెంచా పట్టే చెయ్యి కూడా మార్చనివాడు!”

లేచిన కుడివాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ కూచున్నారు.

పోయిన పరువు ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఓవిలా ఫొటో అంచులు వెతికాడు. ఓ మూల ఆటగాళ్ళ బెంచీ కనపడింది. ప్రాణం లేచొచ్చింది.

“ఇదిగో మన డొనా! నెత్తిన తువ్వాలు! నే చెప్పలా, ముసుగుత…”

తువ్వాలు కప్పుకున్న మనిషి కాళ్ళ మధ్య ఒక బకెట్టుంది. సొట్ట బకెట్టు.

ఓవిలా మెల్లిగా మూలకి తల తిప్పాడు. డొనా గళ్ళు నింపుతూనే ఉన్నాడు, ఎడమ చేత్తో. సగం కొరికిన గుడ్డు కుడి చేతిలో ఉంది.

గోల్ పడినా పడకపోయినా గోల చేసే ఓవిలా నోరు మొదటిసారి తెరుచుకుని ఊరుకుంది.

“ఇంతకీ గ్లవ్ ఏ చేతికి పెట్టమంటారు?” సోలెన్ అడిగింది.

“ఎడమ చేతికే పెట్టమ్మా,” అన్నాడు డొనా, కాయితం మీంచి తలెత్తకుండా. “నువ్వు చేసేది ఆ తువ్వాలు కప్పుకున్నవాడి బొమ్మే కదా!”