గుమ్మం దాకా వచ్చే కంపం

“పాడు కంపం, మళ్ళీ వచ్చిందండీ,” అంటూ శాస్త్రవేత్త తెరమీది గీతను భర్తకు చూపించింది. అంగారకుడి నేలలో కదలికలు పట్టే పరికరాన్ని ఆమె ఇంట్లో తన గదిలోనే పరీక్షిస్తోంది.

“రోజూ ఇంతే. మెల్లగా దగ్గరికొస్తుంది, కాసేపు ఆగుతుంది, వెనక్కెళ్ళిపోతుంది. లోపం ఎక్కడుందో అంతుపట్టట్లేదు.”

ఆయన ముసిముసిగా నవ్వాడు. “ఆ లోపం నేనే. భోజనానికి పిలుద్దామని వస్తాను. తలుపు సందులోంచి చూస్తే నువ్వు పనిలో తలమునకలై ఉంటావు. పిలవబుద్ధి కాక వెళ్ళిపోతాను.”

“ఒక్క కేక వెయ్యొచ్చుగా?”

“అంగారకుడి దాకా వినపడొద్దూ?”



మర్నాడు తెరమీది గీత వణకడం మొదలవగానే ఆమె లేచి, కంపం గుమ్మం చేరేలోపే తలుపు తీసింది.

“ఏం, ఇవాళ పరికరానికి సెలవా?” అన్నాడాయన.

“లేదండీ. ఇవాళే సరిగ్గా పనిచేసింది. పదండి, తిందాం.”