చేయి కడిగాకే పేరు

“టీసీ ఇస్తనమ్మా. కాకపోతే ముందుగాల అన్నం తినుండ్రి,” అన్నాడు బడి నడిపే జయరాజ్.

విమల వరండా మెట్టు మీదే ఆగిపోయింది. పెర్కిట్‌లో ఆటో దిగి, మక్క చేను పక్కనుంచి నడిచి వస్తూ ఆమె అంతా మనసులో వల్లె వేసుకుంది. మనవరాలు వినీతను ఈ బడి మాన్పిస్తున్నామని సార్‌కు చెప్పాలి, కాగితం తీసుకోవాలి, పిల్ల చేయి పట్టుకొని బయటపడాలి. మధ్యలో అన్నం వస్తుందని అనుకోలేదు. అసలు గొడవంతా అన్నం గురించే.

ఇక్కడ పరీక్షలు లేకపోయినా, పిల్లలు సగం పొద్దు మట్టిలోనే గడిపినా ఆమె ఓర్చుకుంది. కాని ఈ బడికి వంటమనిషి లేరని, రోజుకొక పిల్ల ఇంటివాళ్లు వచ్చి అందరికీ వండిపెడతారని మొన్ననే తెలిసింది. దీపం పెట్టకుండా పచ్చి మంచినీళ్లు ముట్టని ఇల్లు తమది. ఎవరి చేతి వంటో తెలియకుండా పిల్లను ఎట్లా తిననిస్తుంది?

భర్త నారాయణదాస్‌తో చెబితే ఆయన ఔననలేదు, కాదనలేదు.

“నువ్వే ఒకపారి పోయి సూసిరా. బేస్తారం పో. గా రోజు నాకు మార్కెట్ల తెమలది,” అన్నాడు.

పసుపు సీజన్ మొదలైందంటే ఆయనకు రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం తప్ప ఇంకోటి పట్టదు. ఈమధ్య బేస్తవారాలు మధ్యాహ్నం భోజనానికి కూడా ఇంటికి రావడం లేదు. ఇంట్లో ఉన్నా, ఎదురుగా పాలు పొంగుతుంటే కూర్చున్నచోటు నుంచే “విమలా, పాలు” అని పిలిచే రకం. కొడుకూ కోడలూ మీరెట్లంటే అట్లనే అని తప్పుకున్నారు. తేల్చే భారం ఆమె నెత్తినే పడింది.

“బేస్తారం నేను ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ తినను సార్,” అంది విమల, తప్పించుకునే దారి దొరికినట్టు.

“ఇయ్యాల అవి వెయ్యలేదమ్మా. వండేటోళ్లే వద్దన్నరు.”

విమల చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. పిల్లలు చాపలు పరిచారు. వినీత పరుగెత్తుకొచ్చి నానమ్మను కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది. పట్నంలోని పెద్ద బడికి పోయిన రోజుల్లో పొద్దున్నే కడుపునొప్పి అని ముడుచుకు పడుకున్నది ఈ పిల్లే. సాయంత్రం ఇంటికొచ్చాక ఎంత బతిమాలినా నోరు విప్పేది కాదు. ఇప్పుడు అడగకముందే చెబుతోంది. మిరప నారు తనే పోసిందట, పొద్దున పిల్లల సభలో తన మాటే నెగ్గిందట. ఇక్కడినుంచి తీసుకుపోతే ఆ నోరు మళ్లీ మూతబడుతుందేమో. ఆ భయం విమలకూ లేకపోలేదు.

“ఎవరు వండిండ్రే?” అని మనవరాలి చెవిలో అడిగింది.

వినీత రెండు చేతులతో నోరు మూసుకొని నవ్వింది. “చెప్పొద్దు నానమ్మా. చెయ్యి కడిగినంకనే పేరు.”

పక్క చాప మీద కూర్చున్న రత్నవ్వ కలగజేసుకుంది. ఆమె బీడీలు చుట్టే మనిషి, మనవడు ఈ బడిలోనే ఉన్నాడు. ఒకప్పుడు ఫలానావాళ్ల వంట అని తెలిసి కొందరు పిల్లలు కంచాలు వదిలి లేచారట. వండినామె కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయిందట. మర్నాడు పిల్లలే సభ పెట్టుకొని ఈ కట్టుబాటు చేసుకున్నారట. అందరూ తిని చేయి కడిగాక వండినవాళ్లు బయటికి వస్తారు, అందరూ లేచి దండం పెడతారు. అంతదాకా పేరు ఎవరూ చెప్పరు.

“మొన్న నా వంతు,” అంది రత్నవ్వ. “కారం మస్తయిందని పోరగాళ్లు బిందెడు నీళ్లు తాగిండ్రు. అయినా దండం పెట్టిండ్రు. గా దండానికే మళ్ల వండబుద్ధయితది.”

అంటే ఇవాళ వండింది రత్నవ్వ కాదు. మరెవరు? విమల కంచంలోకి చూసింది. అన్నం, పప్పు, కొంచెం వంకాయ కూర. సిద్ధులగుట్ట మీద గుడి అన్నదానంలో ఎన్నిసార్లు బంతిలో కూర్చుంది. లోపల గంటె తిప్పేది ఎవరని ఏనాడైనా అడిగిందా? అది దేవుడి పేరు మీద వండింది, ఇది పిల్లల పేరు మీద వండింది. ఆ దేవుడికి ఈ రెంటిలో తేడా కనిపిస్తుందా? కనిపిస్తే, ఏ కంచం ముందు కూర్చుంటాడు?

శివా అనుకొని కళ్లు మూసుకొని ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఉప్పు కొంచెం ఎక్కువైంది. పోపు మాడింది. జీలకర్ర నల్లబడేదాకా దించలేదు. విమలకు నవ్వొచ్చింది. అత్తగారి వంటింట్లో తను మొదట చేసిన పప్పు అచ్చం ఇట్లాగే ఉండేది. ఎవరో కొత్త కోడలి వంట, సందేహం లేదు. తలుపు సందులోంచి చూస్తూ, ఎవరేమంటారోనని గుండె చిక్కబట్టుకొని నిలబడి ఉంటుంది పాపం. ఆ పిల్లది ఏ ఇల్లు అన్న ఆలోచన విమలకు మళ్లీ రాలేదు. వడ్డించే అమ్మాయిని పిలిచి ఇంకో గంటెడు పప్పు వేయించుకుంది.

ఎట్లుందని జయరాజ్ అడిగాడు.

“పోపు మాడింది సార్. కొత్తగ నేర్చుకుంటున్నట్టుంది.”

“అవునమ్మా. శాన రోజుల సంది పక్కన నిలబడి నేర్చుకున్నరు. ఒంటిగ వండుడు ఇయ్యాల్నే మొదలు.”

“నేనన్ననని గా పిల్లను ఏమనకుండ్రి. జర మా ఇంటికి పంపుండ్రి, పోపు ఎట్ల పెట్టాల్నో సూపిస్త.”

వినీతకు పొలమారింది. విమల దాని నెత్తి మీద తట్టి నీళ్లు తాగించింది.

“మరి టీసీ?” అన్నాడు జయరాజ్.

“వద్దు సార్. పిల్ల ఈడనే ఉంటది. వచ్చే వారం వంతు నాకియ్యుండ్రి. మా ఆయనకే ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు. ఇంట్ల గిలాసెడు నీళ్లు ముంచుకోని మనిషి. పెండ్లాం పోయి అందరి పిల్లలకు వండుతదంటే ఏమంటడో.”

జయరాజ్ లేచి గంట కొట్టాడు. పిల్లలు చేతులు కడుక్కొని వచ్చి వరుసగా నిలబడ్డారు. విమల కూడా చేయి కడుక్కొని కొంగు సర్దుకుంది. వచ్చేది ఎవరైనా సరే అనుకొని అందరికంటే ముందే చేతులు జోడించింది. వంటగది తలుపు తెరుచుకుంది.

భుజాన మసిగుడ్డతో నారాయణదాస్ బయటికి వచ్చాడు.