డాక్టర్ చెప్పిన సగం

"మామయ్య మాత్రలు సరిగా వేసుకుంటున్నరా అని అడుగుతోంది, అత్తమ్మా," అన్నాడు ఉమాకాంత్.

"నా చేత్తోనే ఇస్తున్న," అంది అనంతలక్ష్మి.

అతను ఇంగ్లీషులో చెప్పగా నర్సు రాసుకుంది. మంచం మీద కొండల్ రావు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. ఎడమ కాలు మోకాలి దాకా వాచింది. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని, అందులో ఒక ముక్క ఊపిరితిత్తికి చేరిందని స్కాన్‌లో తేలింది. ఇంకో ముక్క కదిలితే మనిషి దక్కడం కష్టమని డాక్టర్ అల్లుడితో అన్నాడు. రక్తం గడ్డకట్టకుండా ఇంట్లో రోజూ మాత్ర ఇస్తూనే ఉన్నారు. రక్త పరీక్షలో మాత్రం మందు పనిచేసిన జాడ లేదు.

అనంతలక్ష్మి భర్త వైపు చూసింది. కరీంనగర్‌లో ఉన్నప్పుడు ఆయన బీపీ మాత్రలను ఏడాది పాటు కిటికీలోంచి విసిరేశాడు. ఆ సంగతి అల్లుడికీ తెలుసు.

"మళ్ల మొదలువెట్టిండ్రా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. చేతిలో కళ్ళజోడు పెట్టె ఉంది. ఆస్పత్రి గౌను తొడిగేటప్పుడు కూడా దాన్ని వదల్లేదు. శుక్లాలు ముదిరాక ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం మానేశాడు. పెట్టె అలవాటుకొద్దీ పట్టుకుంటున్నాడని ఆమె అనుకునేది.

రెండు వారాల కిందట ఇక్కడే, అమెరికాలోని బెంటన్‌విల్‌లో చూపించినప్పుడు, రక్తం మరీ పలచబడిందని, ఇకనుంచి హాఫ్ చాలని డాక్టర్ చెప్పాడు. ఆ మాట ముగ్గురికీ అర్థమైంది. ఉమాకాంత్ తెలుగులో చెప్పాల్సిన అవసరం రాలేదు.

తిరిగి వస్తూ అతను ఫార్మసీలో మందు తీసుకున్నాడు. అక్కడి సీసాల మూత నొక్కి తిప్పితేగానీ రాదు. అత్తగారి వేళ్ళకు అంత బలం లేదు. ఎప్పటిలాగే మాత్రలను ఆమె స్టీలు డబ్బీలో పోసి, సీసా పారేశాడు. ఈసారి మాత్రలు ఆకుపచ్చవి. అంతకుముందువి నారింజ రంగువి. కంపెనీ మారిందేమో అనుకుని ఆమె అడగలేదు.

డాక్టర్ వచ్చి, రోజుకు ఎంత ఇస్తున్నారో కచ్చితంగా చెప్పమన్నాడు. ఉమాకాంత్ జవాబు చెప్పి అత్తగారి వైపు తిరిగాడు.

"పాతదాంట్ల సగం పవర్ ఉన్న మాత్ర రాసిండు కదా, అదే రోజుకొకటి ఇస్తున్నం అని చెప్పిన."

అనంతలక్ష్మి మంచం అంచు పట్టుకుంది.

"ఒకటి కాదు. అర."

"అర ఏంది?"

"సగం అన్నడు గద. అడకత్తెరతోని కోసి ఇస్తున్న."

మాత్రే సగం పవర్‌ది, దాన్నీ సగం చేసి ఇచ్చారని ఉమాకాంత్ డాక్టర్‌కు చెప్పాడు. డాక్టర్ కాగితాలు రెండోసారి చూశాడు. పావు వంతు మందు అందినా ఫలితం ఇంత తక్కువ రాకూడదన్నాడు.

అల్లుడు ఆ మాట చెప్పగానే ఆమె భర్త మీదికి వంగింది.

"నా తప్పు నేను ఒప్పుకున్న. మీరూ నిజం చెప్పుండ్రి. ఎన్ని పారేసిండ్రు?"

కొండల్ రావు కళ్ళజోడు పెట్టె తెరిచి ఆమె అరచేతిలో ఒంపాడు. ఆకుపచ్చ తునకలు రాలాయి.

"ఒక్కటి పారెయ్యలే. డాక్టర్ జెప్పినట్టే, నువ్విచ్చినదాంట్ల సగం మింగి సగం దాచిన."