పదకొండో కాజా

డిప్రెషన్ మాత్ర ఒక్కసారిగా మానకూడదని డాక్టరు సగానికి తగ్గించాడు. ఇది పన్నెండో రాత్రి. నేను దర్జీని. బట్టలు కత్తిరించే చేత్తోనే మాత్రనూ గీత తప్పకుండా సగం చేసి మింగుతున్నాను. కంటిమీద కునుకు మాత్రం లేదు.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మా ఆయనేమో రోజూ పొద్దున్నే, "రాత్రంతా గురకపెట్టి మరీ నిద్రపోయావు," అంటాడు. డాక్టరుకీ అదే చెప్పాడు. కావాలనే నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నాడని నా అనుమానం.

అందుకే ఈ రాత్రి ఆయన పడుకున్నాక, ముందుగదిలో లైటు వేసుకుని చొక్కాలకు చేత్తో కాజాలు కుడుతూ కూర్చున్నాను. నిద్రపోయే మనిషి కాజాలు కుట్టదు కదా! పొద్దున వీటిని ఆయన ముందు పడేస్తే ఏమంటాడో చూడాలి.

పదకొండో కాజాకు ముడి వేస్తుంటే పడగ్గదిలోంచి గురక వినిపించింది. గురకపెట్టేది ఎవరో తేలిపోయిందని నవ్వుకున్నాను.

అంతలో అదే గదిలోంచి, గురక సాగుతుండగానే, ఆయన గొంతు విసుగ్గా వినిపించింది.

"కాస్త అటు తిరిగి పడుకోవే తల్లీ, చెవులు చిల్లులు పడుతున్నాయి."

గురక ఆగింది. మంచం కిర్రుమంది. ఎవరో అటు తిరిగి పడుకున్నారు.