గూళ్ళ కాపలా

టీచర్ బోర్డు మధ్యలో గీత గీసి ఒక పక్క ‘మొదట్లో కాకి’, ఇంకో పక్క ‘చివర్లో కాకి’ అని రాసింది.

“గుడ్లు దొంగిలించే కాకి మారిపోయిందంటున్నారు. ఎలా చెప్తారు?”

“ఇంకెప్పుడూ చెయ్యనని ఒట్టేసింది టీచర్!”

“ఒట్టు తీసి గట్టున పెట్టదని నమ్మకమేంటి? కథలోంచి రుజువు చూపించండి.”

ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్ల లేచింది. “పిట్టలన్నీ గూళ్ళకి కాపలా మానేశాయి కదా టీచర్.”

టీచర్ ముఖం చేటంత అయింది. “శభాష్! ఒకరు మారితే, పక్కవాళ్ళు వాళ్ళని చూసే తీరూ మారాలి” అంటూ ఆ మాటే పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాసింది.

బెల్లు కొట్టారు. పిల్లలంతా బిలబిలమంటూ పరిగెత్తారు. ఆ పిల్ల మాత్రం రోజూలాగే టేబుల్ దగ్గరికి వచ్చి తన బ్యాగు బోర్లించింది. నిరుడు పోయిన రంగుల పెట్టె ఆ బ్యాగులో దొరికినప్పుడు టీచర్ పెట్టిన షరతు అది.

“చూడండి టీచర్.”

టీచర్ వెనక్కి తిరిగి బోర్డు చూసింది. తల కొట్టేసినట్టయింది. “ఇక చాలమ్మా” అందామని ఇటు తిరిగి, బోర్లించిన బ్యాగునే చూస్తూ ఉండిపోయింది.

ఆ చూపుని అనుమానం అనుకుందేమో, పిల్ల గౌను జేబు కూడా బయటికి తిప్పి చూపించింది.